పెరుగు బ్యాక్టీరియా చూపిన వలయం: ముందు ఆమ్లాన్ని తటస్థం చేయండి

హన్మకొండ ఇంటి పెరుగు నుంచి మీరు వేరుచేసిన లాక్టోబాసిల్లస్ (పెరుగు బ్యాక్టీరియా) పెరిగిన ద్రవం, మందులకు లొంగని స్టెఫైలోకాకస్‌తో పాటు క్లెబ్సియెల్లాకు కూడా వలయం (ఆ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వృత్తం) చూపిందంటే, అది బ్యాక్టీరియోసిన్ (ఇతర బ్యాక్టీరియాను చంపే ప్రొటీన్) కాక లాక్టిక్ ఆమ్లం ప్రభావమే కావచ్చు. క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగటివ్ కణాల వెలుపలి పొరను ఈ బ్యాక్టీరియోసిన్‌లు సాధారణంగా దాటలేవు.

1. సెంట్రిఫ్యూజ్ చేశాక పైతేట (కణాలు అడుగుకు చేరాక పైన మిగిలే ద్రవం) పీహెచ్ చూడండి. అది 4 దగ్గర ఉంటే, సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా కలిపి 6.5కు తెచ్చి, ఆ తరువాతే 0.22 మైక్రాన్ వడపోత చేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. (నైసిన్ వంటి బ్యాక్టీరియోసిన్‌లు తటస్థ పీహెచ్‌లో సరిగా కరగవు కాబట్టి 7 దాటనివ్వకండి.)

2. ఆమ్లం ఒక్కటే ఎంత వలయం ఇస్తుందో పోల్చడానికి, అదే ప్లేటులో పక్క బావిలో (అగర్‌లో చేసిన గుంటలో), లాక్టిక్ ఆమ్లంతో పీహెచ్ 4కు తెచ్చిన, బ్యాక్టీరియా లేని ఖాళీ ఎంఆర్‌ఎస్ (లాక్టోబాసిల్లస్‌ను పెంచే) మాధ్యమం పోయండి.

3. కేటలేజ్ ఎంజైమ్ కలిపి హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్రభావాన్ని తొలగించండి.

4. అప్పటికీ వలయం నిలిస్తే ప్రొటీన్లను విడగొట్టే ఎంజైమ్ ప్రొటీనేజ్ కె కలపండి. వలయం పోతే, దాన్ని కలిగించిన పదార్థం ప్రొటీన్ స్వభావం గలదే.