మైక్‌సెట్ పనికి డిగ్రీ ఎందుకండీ?

ప్రశ్న: మాది నరసరావుపేట. చిన్న బట్టల కొట్టు. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎం.పి.సి. పూర్తి చేశాడు, మార్కులు బాగానే వచ్చాయి. కీబోర్డు వాయిస్తాడు, స్నేహితులు పాడిన పాటలు కంప్యూటర్‌లో ఏవో సరిచేసి పెడుతుంటాడు. ఇప్పుడు బి.టెక్. వద్దు, చెన్నైలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆడియో ఇంజినీరింగ్ డిగ్రీ చేస్తానని పట్టుబట్టాడు. హాస్టల్‌తో కలిపి మూడేళ్లకు పన్నెండు లక్షలు అవుతుందట. నెలాఖరులోగా పాతిక వేలు అడ్వాన్స్ కట్టమన్నారు. ఊరవతల ఉన్న స్థలం అమ్మితే తప్ప మావల్ల కాదు. ‘ఇంత పోసి వాణ్ని మైక్‌సెట్ వాణ్ని చేస్తావా’ అని మా అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అన్నయ్యగారి మాటతోనే మొదలుపెడతాను. ఎందుకంటే ఈ చదువు గురించి నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఆ భయంతోనే వస్తాయి.

మీది నరసరావుపేట కాబట్టి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల దగ్గర జరిగే స్టేజీ ప్రోగ్రాములు చూసే ఉంటారు. స్టేజీకి అటూ ఇటూ పెద్ద స్పీకర్లు పెడతారు. వెనకున్న జనం కోసం మధ్యలో ఇంకో రెండు నిలబెడతారు. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. మధ్యలో పెట్టిన స్పీకర్లు స్టేజీకి 34 మీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. వైరులో సిగ్నల్ వాటికి ఇట్టే చేరిపోతుంది. స్టేజీ మీది స్పీకర్ల ధ్వని మాత్రం గాలిలో ప్రయాణం చేసి అక్కడికి వచ్చేసరికి సెకనులో పదో వంతు ఆలస్యం. దాంతో వెనక నిలబడ్డవాళ్ల చెవిన ఒకే మాట రెండుసార్లు పడి, హరికథ కూడా ముద్దముద్దగా వినిపిస్తుంది. విషయం తెలిసినవాడు మధ్య స్పీకర్లకు వెళ్లే సిగ్నల్‌ని ఆ పదో వంతు సెకను ఆపి పంపుతాడు. మాట ఒక్కసారిగా స్పష్టంగా వినపడుతుంది. తెలియనివాడు వాల్యూమ్ పెంచుతాడు. మైక్ కుయ్యిమంటుంది.

ఇది మీ అబ్బాయి ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన శబ్దవేగమే. కాబట్టి మైక్‌సెట్ పని చిన్నదేమీ కాదు. పెద్ద పెళ్లిళ్లకీ, కాన్సర్టులకీ, కంపెనీల ఫంక్షన్లకీ లైవ్ సౌండ్ చేసేవాళ్లు ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటారు. ఈ రంగంలో అన్నిటికన్నా త్వరగా నాలుగు డబ్బులు కళ్లచూసేది ఆ విభాగంలోనేనని నా అభిప్రాయం. అన్నయ్యగారి ప్రశ్నలో న్యాయం మాత్రం ఉంది: ఆ పని నేర్చుకోవడానికి పన్నెండు లక్షలు పెట్టాలా?

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. ఆడియో ఇంజినీరింగ్ అన్న మాటలో ఇంజినీరింగ్ ఉంది కదా అని అది బి.టెక్.తో సమానం అనుకోకండి. మన దగ్గర ఆ పేరుతో ఉన్నవి ఎక్కువగా బి.ఎస్సీ., బి.ఎ. తరహా డిగ్రీలు, లేదంటే డిప్లొమాలు. రికార్డింగ్, ఎడిటింగ్, మిక్సింగ్ (విడివిడి ధ్వనులను పాళ్లు చూసి కలపడం), మాస్టరింగ్ (చివరి మెరుగు పెట్టడం), కొంత అకూస్టిక్స్ (గదిలో ధ్వని ఎలా నడుచుకుంటుందో చెప్పే శాస్త్రం), కొంత సంగీతం, కొంత ఎలక్ట్రానిక్స్ చెబుతారు. చదువు మంచిదే. కానీ ఇంజినీరింగ్ డిగ్రీ అడిగే ఉద్యోగాలకు అది పనికిరాదు.

అంతకంటే ముఖ్యం, అది అసలు డిగ్రీయేనా అన్నది. మూడేళ్ల కిందట నా దగ్గరకు ఒక అబ్బాయి వచ్చాడు. రెండేళ్లు ఒక ప్రైవేటు సంస్థలో చదివాడు, పని బాగా నేర్చుకున్నాడు, చెవి కూడా చురుకు. పుణెలోని ప్రభుత్వ సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్.టి.ఐ.ఐ.కి అప్లై చేద్దామని కూర్చుంటే, తన చేతిలో ఉన్నది డిప్లొమా సర్టిఫికెట్టేనని, డిగ్రీ కాదని అప్పుడు అర్థమైంది. చేర్చుకునేటప్పుడు ‘డిగ్రీకి సమానం’ అని నోటిమాటగా చెప్పారట. ఏ యూనివర్సిటీ పట్టా ఇస్తుంది, దానికి యూనివర్సిటీలను గుర్తించే యు.జి.సి. గుర్తింపు ఉందా అన్నది వాళ్ల నాన్నగారు అడగలేదు. పాపం, ఆయనకు అడగాలని తెలియదు. ఆ కుర్రాడు ఇరవై రెండేళ్ల వయసులో మళ్లీ దూరవిద్యలో డిగ్రీ మొదటి సంవత్సరానికి ఫీజు కట్టాడు.

ఎఫ్.టి.ఐ.ఐ. పేరు ఎందుకు తెచ్చానంటే, సౌండ్ చదువుకు మన దేశంలో పెద్ద పేరున్న ప్రభుత్వ సంస్థలు రెండు. 1960లో మొదలైన పుణె ఎఫ్.టి.ఐ.ఐ. ఒకటి, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ రెండోది. రెండింటిలోనూ సౌండ్ కోర్సు డిగ్రీ తర్వాతే, మూడేళ్లు. పుణెలో సౌండ్‌కి ఏ డిగ్రీ ఉన్నా ఫరవాలేదు గానీ ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. మీవాడికి ఎం.పి.సి. ఉంది కాబట్టి ఆ తలుపు ఇప్పటికే తెరిచే ఉంది. సీట్లు చాలా తక్కువ, ప్రవేశ పరీక్ష గట్టిది, ఒక్క దెబ్బకి రావాలని లేదు. 2009లో సౌండ్ మిక్సింగ్‌కి ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి కూడా ముందు కేరళలో ఫిజిక్స్ డిగ్రీ చేసి, ఆ తర్వాతే పుణెలో సౌండ్ చదివారు.

ఇప్పుడు చెన్నై కాలేజీ సంగతి. దాని పేరు మీరు రాయలేదు, నాకు అక్కర్లేదు కూడా. ఈ చదువులో మీరు కొనుక్కునేది పాఠాలు కావు. పాఠాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. మీరు కొనుక్కునేది సరిగ్గా కట్టిన గదిలో, మంచి పరికరాల ముందు మీ అబ్బాయి ఒక్కడే కూర్చునే గంటలు. అందుకే ఒక చిన్న లెక్క వేయండి. కాలేజీలో ఒకటే స్టూడియో ఉందనుకుందాం. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడాదికి 200 పనిదినాలు తెరిచి ఉంటే 1600 గంటలు. బ్యాచ్‌లో 40 మంది ఉంటే ఒక్కొక్కరికి 40 గంటలు. అంటే వారానికి గంట కూడా లేదు. మిగతా రెండు బ్యాచ్‌లు కూడా అదే గది వాడుకుంటే ఏడాదికి పదమూడు గంటలే మిగులుతాయి. పన్నెండు లక్షలు పెట్టి ఏడాదికి పదమూడు గంటలా? రాత్రిళ్లు కూడా స్టూడియో ఇస్తారా, సీనియర్లకు కాకుండా మొదటి ఏడాది వాళ్లకు ఎప్పటినుంచి ఇస్తారు, ఇవి అడగండి. సమాధానం తడబడుతూ వస్తే అర్థం చేసుకోండి. బ్రోచర్‌లో పెద్ద కన్సోల్ (ధ్వనులు కలిపే మీటల బల్ల) ముందు నవ్వుతూ నిలబడిన కుర్రాడి ఫొటో ప్రతి కాలేజీకీ ఉంటుంది.

పాఠం చెప్పేవాళ్లు ఇప్పటికీ బయట పని చేస్తున్నారా అన్నది ఇంకో ప్రశ్న. ఈ పనులు మనిషిని చూసి వస్తాయి. ఫలానా సార్ దగ్గర అసిస్టెంట్‌గా చేశాడు అన్న మాటతో దొరికే పని, మార్కుల లిస్టుతో దొరకదు. ఫైనల్ ఇయర్ వాళ్లు చేసిన రెండు ప్రాజెక్టులు వినిపించమనండి. నిరుడు బయటికి వెళ్లిన ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి, అదీ కాలేజీ వాళ్లు ఏరి ఇచ్చినవి కాకుండా, హాస్టల్ పిల్లల దగ్గర సంపాదించండి.

పని ఎలా ఉంటుందో మీవాడికి తెలుసా అని నాకు అనుమానం. ఈ వయసు పిల్లలు ఆడియో ఇంజినీరింగ్ అనగానే పెద్ద సంగీత దర్శకుడి పక్కన కూర్చుని పాట మిక్స్ చేయడం ఊహించుకుంటారు. ఆ కుర్చీలు చాలా తక్కువ. ఎక్కువ మంది కూర్చునే కుర్చీ ఎలా ఉంటుందో చెబుతాను. ఆ మధ్య హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో ఓ పూట కూర్చున్నాను. సీరియల్ ఎపిసోడ్. అద్దానికి అవతల డబ్బింగ్ ఆర్టిస్టు, ఇవతల పాతికేళ్ల ఇంజినీరు. ‘నువ్వు వెళ్లు, నేను వస్తాను’ అన్న ఒక్క డైలాగు ఆరు టేకులు. మొదటిసారి పెదవి కలవలేదు. రెండోసారి కలిసింది గానీ ఆవిడ మైక్‌కి జానెడు దగ్గరికి జరగడంతో గొంతు బరువెక్కి, ముందు డైలాగు ఇంకో మనిషి చెప్పినట్టుంది. మూడోసారి కాగితం చప్పుడు. ఆ కుర్రాడు విసుక్కోకుండా ‘అమ్మా, ఇంకొక్కటి’ అంటూ, నాలుగో టేకులోని మొదటి సగాన్ని ఆరో టేకులోని రెండో సగంతో అతికి, మధ్యలో ఊపిరి చప్పుడు అలాగే ఉంచాడు. ఊపిరి ఎందుకు తీసేయలేదని అడిగితే, తీసేస్తే మనిషి మాట్లాడినట్టు ఉండదు సార్ అన్నాడు. సాయంత్రం దాకా అదే పని. ఇలాంటి కూర్పులో ఆనందం దొరికేవాడు ఈ రంగంలో నిలబడతాడు.

సినిమా ఒక్కటే కాదు. ఓ.టి.టి. డబ్బింగ్, టీవీ చానెళ్లు, పాడ్‌కాస్టులు, ఆడియో పుస్తకాలు, గేములు, ఆడిటోరియాలకు సౌండ్ సిస్టమ్ డిజైన్ చేసే సంస్థలు ఉన్నాయి. అయితే ఒక చేదు నిజం కూడా చెప్పాలి. నాయిస్ తీసేయడం, గొంతుని సంగీతం నుంచి విడదీయడం లాంటివి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో చేస్తోంది. ఒకప్పుడు కొత్తగా చేరిన అసిస్టెంటు చేత మొదట చేయించే పనులు అవే. ఆ మెట్టు అరిగిపోతోంది. తొలి రెండేళ్లు రోజు లెక్కన, పని లెక్కన వచ్చే డబ్బు అద్దెకు సరిపోకపోవచ్చు, అదీ ఆలస్యంగా చేతికి రావచ్చు. సినిమాల్లో అయితే యూనియన్ కార్డు ఖర్చు కూడా ఉంటుంది. అందుకే స్థలం అమ్మే మాట ఈ ఏడాది వద్దంటాను. ఆ డబ్బు అవసరమయ్యేది చదువు పూర్తయిన తర్వాతి రెండేళ్లలో. అప్పుడు మీరు నెలనెలా ఎంతో కొంత పంపగలిగితే వాడు నిలదొక్కుకుంటాడు, లేకపోతే దొరికిన ఏదో ఉద్యోగంలో చేరిపోతాడు.

నేనైతే మీవాణ్ని గుంటూరులోనో విజయవాడలోనో మంచి కాలేజీలో ఫిజిక్స్ గానీ ఎలక్ట్రానిక్స్ గానీ మేజర్‌గా బి.ఎస్సీ.లో చేర్పించమంటాను. శృతిదండం పట్టుకుని నీటి గొట్టంలో అనునాదం వెతికే ప్రయోగం ఇంటర్‌లో చేసే ఉంటాడు. మూడు మీటర్ల గదిలో బేస్, అంటే బరువైన కింది ధ్వని, 57 హెర్ట్జ్ దగ్గర ఎందుకు గుమ్మని మోగుతుందో చెప్పేదీ ఆ లెక్కే. ఆ డిగ్రీ పక్కన పాతిక ముప్పై వేలలో ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక మైకు, మంచి హెడ్‌ఫోన్స్ కొనివ్వండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఉచితంగా వాడుకోవచ్చు, తర్వాత సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. సెలవుల్లో మీ ఊళ్లోనే మంచి సౌండ్ సిస్టమ్ ఉన్నవాళ్ల వెంట పంపండి, కేబుళ్లు చుట్టడం దగ్గర్నుంచి నేర్చుకోనివ్వండి. అవును, మైక్‌సెట్ వాళ్ల వెంటే. మూడేళ్ల తర్వాత పుణె, కోల్‌కతా పరీక్షలు రాస్తాడు. రాకపోతే అప్పుడు ప్రైవేటులో ఏడాది కోర్సు చాలు, ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

లెక్కలంటే ఇష్టం, కోడింగ్ కూడా చేస్తాడంటే మాత్రం బి.టెక్. ఇ.సి.ఇ. వద్దనకండి. సిగ్నల్ ప్రాసెసింగ్ అక్కడ నాలుగో, అయిదో సెమిస్టర్‌లో వస్తుంది. ఇయర్‌ఫోన్‌లో బయటి చప్పుడు వినపడకుండా చేసేది ఆ పాఠమే. క్వాల్‌కామ్, హర్మన్ లాంటి కంపెనీల్లో ఆడియో మీద పని చేసేది ఇలా చదివినవాళ్లే. విదేశాల్లో మాస్టర్స్‌కీ ఇదే సులువైన దారి. బి.టెక్. కూడా డిగ్రీయే కాబట్టి పుణె దారి మూసుకుపోదు.

అబ్బాయి చెన్నై తప్ప ఇంకేదీ వద్దంటే, నేను చెప్పిన ప్రశ్నలకు కాలేజీ వాళ్లు కాగితం మీద జవాబులిచ్చాక కట్టండి. అడ్వాన్స్ తిరిగిస్తారా లేదా అన్నదీ రాతపూర్వకంగా తీసుకోండి. సీట్లు అయిపోతున్నాయి అన్న ఫోన్లకు టెన్షన్ పడకండి. జూన్‌లో అయిపోయిన సీట్లు ఆగస్టులో మళ్లీ దొరకడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకొక్కటి, చెవి పరీక్ష. ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ చేయించండి, అరగంట పని. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. ఆపైన పెరిగే ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. రాత్రంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకునే అలవాటు మీవాడికి ఉంటే ఇవాళే మాన్పించండి.

ఈ నెలలో వాడికి ఒక పని ఇవ్వండి. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే, ఫోన్‌తోనే ఆవిడ చేత చిన్నప్పటి సంగతులు ఓ పావుగంట చెప్పించి రికార్డ్ చేయమనండి. ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, కుక్కర్ విజిల్ వేస్తుంది, వీధిలో కూరలబండి వెళుతుంది. అందులోంచి నాలుగు నిమిషాలు తయారు చేయాలి, ప్రతి మాటా స్పష్టంగా వినపడాలి, ఆవిడ గొంతు ఆవిడదిలాగే ఉండాలి, అతుకు ఎక్కడా తెలియకూడదు. మొదటి రోజు ఉత్సాహంగా చేసి వదిలేశాడా, పదో రోజు కూడా దాని ముందే కూర్చుని ‘ఇక్కడ ఇంకా బాగాలేదు నాన్నా’ అంటున్నాడా, మీరే కొట్టు కట్టేసి ఇంటికి వచ్చాక గమనించండి. ఆ నాలుగు నిమిషాలు నాకూ పంపండి, వింటాను.