చిన్న కారుకు సస్పెన్షన్ లిఫ్ట్ చేయించి పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటర్ రీడింగ్ మారుతుందా?

మారుతుంది, మీటరు మునుపటి కంటే తక్కువ వేగం చూపిస్తుంది. మీటరు నేల మీది దూరాన్ని నేరుగా కొలవదు. చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కించి, కంపెనీ అమర్చిన టైరు చుట్టుకొలతను బట్టి వేగాన్ని చెబుతుంది.

ఉదాహరణకు 155/80 ఆర్13 సైజు టైరు వ్యాసం సుమారు 578 మిల్లీమీటర్లు, 175/80 ఆర్13 టైరుది సుమారు 610. అంటే ఒక్కో చుట్టుకు కారు దాదాపు 5.5 శాతం ఎక్కువ దూరం పోతుంది కనుక, అంతకుముందు సరిగ్గా చూపించిన మీటరులో ముల్లు 80 మీద ఉన్నప్పుడు కారు నిజానికి గంటకు 84 కిలోమీటర్లు దాటి వెళ్తుంటుంది.

ఈ తేడా లిఫ్ట్ వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ లిఫ్ట్ బాడీని మాత్రమే పైకి లేపుతుంది, చక్రం చుట్ల లెక్కను మార్చదు. కారు తిరిగిన మొత్తం దూరాన్ని చూపే ఓడోమీటరు కూడా ఇదే నిష్పత్తిలో తక్కువ చూపిస్తుంది కాబట్టి, మైలేజీ బాగా పడిపోయిందని కంగారుపడే ముందు ఆ 5.5 శాతాన్ని తప్పక కలిపి చూసుకోవాలి.