ముందుగా కాళ్లు లెక్కపెట్టనీ

విజయనగరం

అమ్మా,

పిల్లలకి జంతువుల బొమ్మలు ఎలా చూపించాలో నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం సాఫీగా నడిచింది. కానీ రెండో పేజీలో "సింహం ధైర్యానికి గుర్తు, ఏనుగు ఓర్పుకు గుర్తు అని పిల్లలకు వివరించాలి" అన్నచోట కోపమొచ్చి కాగితాలు పక్కన పడేశాను. వివరించేశాక ఇంక వాళ్లు చూసేదేటి? "గుర్తు" అన్నావంటే పిల్లల కళ్లు బొమ్మ వదిలేసి నీ మొహం మీదికి వచ్చేస్తాయి.

ముందుగా బొమ్మలో జంతువు కాళ్లు లెక్కపెట్టించు. నాలుగూ కనబడుతున్నాయా, ఒకటి దేని చాటున ఉంది? గిట్ట మేకకున్నట్టు చీలిందా, గుర్రానికిలా ఒక్కటేనా? చెవులు వెనక్కి అణిగిన గుర్రం కోపంగా ఉన్నట్టు. ఏనుగుకి మామూలుగా ముందు కాలికి ఐదు గోళ్లు, వెనక కాలికి నాలుగు. చిత్రకారుడు లెక్క తప్పాడేమో గుంటలే పట్టుకుంటారు.

"ఆసక్తి కలిగించాలి" అని రాసి ఊరుకుంటే ఏ మాస్టారికీ పనికిరాదు. కొలతలు రాయి. బొమ్మ ముందు ఐదారుగురు, పది నిమిషాలు, పూటకి మూడు బొమ్మలు చాలు. ఇరవై చూపిస్తే నాలుగోదానికే నీళ్ల సీసాలు, తోపులాటలు మొదలవుతాయి. మ్యూజియంలో బొమ్మల చట్రాలు పెద్దల కంటి ఎత్తుకి కడతారు, కింద నిలబడ్డ పిల్లకి అద్దం మీద దీపం మెరుపే కనిపిస్తుంది. నువ్వే ముందుగా వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, మెరుపు తప్పే చోటు వెతికిపెట్టుకో. కాగితం గొట్టంలా చుట్టి ఒంటికన్నుతో చూడమను, అప్పుడు తోకో కన్నో విడిగా దొరుకుతుంది. చేతికి పెన్సిలే ఇవ్వు, పెన్ను వద్దు. గోడకి మూరెడు దూరం. పక్కనున్న చీటీ ఆఖర్న చదవమను, పేరు తెలిసిపోతే చూపు ఆగిపోతుంది.

ఒక్క నిమిషం చూడనిచ్చి, వెనక్కి తిప్పి, తోక మాత్రం గీయమను. మళ్లీ బొమ్మవైపు తిప్పావంటే "ఓలమ్మో, ఇటు కాదు!" అని వాళ్లే దిద్దుకుంటారు.

నువ్వు రాసిన దూరదేశాల బొమ్మలకి పెద్ద అచ్చుప్రతి చాలు. 1515లో డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు మన దేశం నుంచి లిస్బన్‌కి ఓడెక్కి వెళ్లిన ఖడ్గమృగాన్ని చూడకుండానే, ఎవరో గీసి పంపిన బొమ్మా, ఉత్తరమూ చూసి చెక్క అచ్చు చేశాడు. మెడ వెనక లేని కొమ్ము, ఒంటిమీద ఇనప కవచం లాంటి రేకులు, కాళ్ల మీద పొలుసులు వేశాడు. నిజం ఖడ్గమృగం ఫోటో పక్కన పెట్టి తప్పులు వెతకమను. 1621లో మొఘల్ చక్రవర్తి జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ వేసిన జీబ్రా దానికి జోడు. చారలు ఎవరో పూసిన రంగేమోనని జహంగీర్ కొలువులో కొందరు అనుమానపడ్డారట! బొమ్మ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఇంత దూరం వెళ్లావు గానీ సీతంపేట కొండల్లో సవర గిరిజనుల గోడబొమ్మలు నీ వ్యాసంలో ఒక్క ముక్క లేవు. ఎర్రమట్టి పూత మీద బియ్యప్పిండి తెలుపు. కళ్లూ ముక్కూ వేయరు, అయినా ఏనుగేదో గుర్రమేదో ఎలా తెలిసింది? ఇంతకంటే మంచి ప్రశ్న ఏ మ్యూజియంలోనూ దొరకదు.

చివర నీతి పేరా ఎందుకు అతికించావో ఊహించగలను. బాలల పేజీ చూసే సంపాదకులకి అది లేకపోతే తోచదు. ఉన్న కొలతలు కొట్టేసి, ఆ చోటులో నవ్వే కుందేలు బొమ్మ పెడతారు. వాళ్ల కోసం రాయకు.

తిరగరాసే ముందు నలుగురు పిల్లల్ని శ్రీకాకుళం జిల్లాలో పక్షులు వాలే తేలినీలాపురం తీసుకెళ్లు. చెట్ల మీద గూడబాతుల ముక్కు కింద సంచి చూసొచ్చాక, బొమ్మలో పక్షి ముక్కు దగ్గర వాళ్లేమంటారో ఆ మాటలే రాసి పంపు.