తోటలు బెట్టకు వదిలిన రోజుల్లో కూర్చోండి

ప్రశ్న: అక్కా, నమస్కారం. నల్లగొండ జిల్లా హాలియా వైపు ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి నేను సీఈఓను. సభ్యుల్లో ఎక్కువమంది బత్తాయి రైతులు. ముందు ఎరువుల దుకాణం నడిపి, ఆ తర్వాత దళారి లేకుండా కాయను ఢిల్లీకి పంపాలని మొదట్లో అనుకున్నాం. దుకాణం నడుస్తోంది, కాయ మాత్రం ఇంకా దళారుల చేతుల మీదుగానే పోతోంది. ఇప్పుడు ఒక డైరెక్టర్ జ్యూస్ ప్లాంటు అంటారు, ఇంకొకరు మందు చల్లే డ్రోన్ అంటారు. కేంద్రం ఇచ్చే నిర్వహణ ఖర్చు వచ్చే మార్చితో ఆగిపోతుంది. కొత్త వ్యూహం రాసుకోవలసిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

జవాబు: తమ్ముడూ, జ్యూస్, డ్రోన్ పక్కన పెట్టు. నీ ఉత్తరంలో అసలు కబురు ఆ మార్చి గడువే. 2020లో మొదలైన ఆ కేంద్ర రైతు కంపెనీల పథకం కింద నిర్వహణకు ఇచ్చేది మూడేళ్లకు కలిపి గరిష్ఠంగా 18 లక్షలు. నీ జీతం, గుమాస్తా జీతం, గది అద్దె అందులోంచే వస్తున్నాయి కదా! ఏప్రిల్ నుంచి అవి దుకాణం లాభంలోంచి రావాలి. పాత ప్రణాళిక ఆ డబ్బు ధీమా మీద రాసుకున్నది. కాబట్టి ఎవరు అడిగినా అడగకపోయినా మీరు మళ్లీ కూర్చోవలసిందే.

అంతకన్నా ముందు తీర్మానాల పుస్తకం తియ్యి. ఢిల్లీకి కాయ పంపాలని ఎన్నిసార్లు రాశారో, దాని పక్కన ఎవరి పేరు, ఏ తేదీ ఉన్నాయో చూడు. పాలమూరులో సహకార సంఘాల లెక్కలు చూసిన రోజుల్లో ఇలాంటి పుస్తకాలు బోలెడు తిరగేశాను. "చర్చించి ఆమోదించడమైనది" అన్న ముక్క ప్రతి పేజీలో ఉంటుంది. ఫలానా వారు ఫలానా తేదీలోగా చేయాలన్న ముక్క కోసం భూతద్దం పెట్టి వెతకాలి. మీరు ఒక్క లోడైనా పంపి, లారీ కిరాయి, హమాలీ, కమీషన్, తరుగు పోగా చేతికి ఎంత వచ్చిందో కాగితం మీద ఉంటే, వ్యూహం తప్పా ఒప్పా అని మాట్లాడుకోవచ్చు. ఒక్క లోడూ పోలేదంటే అది విఫలమైందని అనడానికి కూడా వీల్లేదు, ఇంకా మొదలే కాలేదు. అప్పుడు కొత్తది రాసినా అదే పుస్తకంలో మరో పేజీ నిండుతుంది, అంతే.

ఇక తోటల సంగతి. కంపెనీ పెట్టిన నాటి వాటాదారుల రిజిస్టరు పట్టుకుని ఊరూరా తిరుగు. ఎంతమంది చెట్లు తీసేసి వరికి, పత్తికి మళ్లారో, ఎంతమంది కొత్తగా నాటారో రాసుకో. నాటిన మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఈ రోజు ఎవరూ నాటడం లేదంటే ఆ వేళకు ఢిల్లీ దారి తెలిసినా పంపడానికి కాయ ఉండదు. ఒక సీజన్‌లో ధర పడిందని మాత్రం వ్యూహం మార్చకండి. సీజన్ కాయకు ఒక ధర, సీజన్ కాని రోజుల్లో వచ్చే కత్తెర కాయకు మరో ధర పలకడం మనకు కొత్తా?

ఇంకొక పని. గుమాస్తాను, దుకాణం చూసే అబ్బాయిని, ఇద్దరు డైరెక్టర్లను విడివిడిగా పిలిచి, మన కంపెనీ ఏ పని చేయదు అని అడుగు. ఏం చేస్తుంది అని అడిగితే అందరూ రైతు సంక్షేమం అంటారు, దానితో ఏమీ తేలదు. ఎరువు అప్పు మీద ఇస్తామా? సభ్యుడు కాని రైతు కాయ తీసుకుంటామా? నలుగురూ నాలుగు మాటలు చెబితే, మీరంతా ఒక మాట మీదకు రావలసిన సమయం దాటిపోయిందన్నమాట. ఏదో ఒక పథకం పేరు పేపర్లో కనబడగానే మీ బోర్డు అటు పరుగెత్తడం కూడా అందుకే.

కూర్చునే రోజు విషయంలో జాగ్రత్త. చట్టం ప్రకారం వార్షిక సర్వసభ్య సమావేశం సెప్టెంబర్ నెలాఖరులోపు పెట్టాలి. అవి సీజన్ కాయ కోతల రోజులు. డైరెక్టర్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి, టీ తాగి సంతకాలు పెట్టి తోటలకు పోతారు. ఆ సమావేశాన్ని లెక్కలకు వదిలెయ్యి. డిసెంబర్‌లో చెట్లకు నీళ్లు ఆపి తోటలు బెట్టకు వదులుతారు చూడు, అప్పుడు ఒక రోజంతా పెట్టుకోండి. మార్చికి ఇంకా మూడు నెలలు చేతిలో ఉంటాయి.

జ్యూస్ అంటున్న పెద్దాయనతో వాదించకు. బత్తాయి రసం తీసి నిలవ ఉంచితే చేదెక్కుతుంది, ఆ చేదు విరవడానికి వేరే యంత్రాలు కావాలి. ముందు రోజు ఒక సీసాడు రసం పిండి ఫ్రిజ్‌లో పెట్టి, సమావేశంలో ఆయన గ్లాసులోనే పొయ్యి. డ్రోన్ మాత్రం కొనే ముందు ఒక సీజన్ అద్దెకు తెప్పించండి. ఎకరాకు ఎంత పడిందో, గుబురుగా ఉన్న చెట్టులో కింది కొమ్మల ఆకులకు మందు అందిందో లేదో తోటలోకి దిగి చూడండి.