జలియన్‌వాలాబాగ్‌కి పిల్లల్ని తీసుకెళ్తున్న మా బుజ్జికి

బరంపురం

బుజ్జీ,

పదో తరగతి పిల్లల్ని అమృత్‌సర్ టూర్‌కి తీసుకెళ్తున్నానని, జలియన్‌వాలాబాగ్‌లో వాళ్లకి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉందని నిన్న ఫోన్‌లో అన్నావు. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. నేను మూడుసార్లు మా బడి పిల్లల్ని తీసుకెళ్లాను. మొదటిసారి నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదు.

ఆ రోజు లోపల అడుగుపెట్టిన దగ్గర్నుంచి బయటికొచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టం, అక్కడి నాయకులు సత్యపాల్, కిచ్లూల అరెస్టు, 50 తుపాకులు, 1650 తూటాలు, అన్నీ క్లాసులో చెప్పినట్టే చెప్పాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. తిరుగు రైల్లో ఒక పిల్ల నా పక్కకి వచ్చి కూర్చుని, "పది నిమిషాలు కాల్చారన్నారు కదా టీచరమ్మా, అంతసేపూ లోపలున్నవాళ్లు ఏం చేశారు?" అని అడిగింది. ఆ తోటలో నిలబడి నాలుగు గోడలూ చూస్తే తెలిసే సంగతి అది. నా మాటల హోరులో ఆ పిల్ల గోడలే చూడలేదు.

అందుకని చెప్పాల్సింది ముందే చెప్పెయ్యి. రాయగడలో హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రైలు మారే పని లేదు, దారిలో కావలసినంత సమయం. 1919 ఏప్రిల్ 13 వైశాఖి పండగ. చైత్రంలో మీ రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి పల్లెల నుంచి జనం ఎలా వస్తారో, చంకన పిల్లలతో, మూటలతో, అది వాళ్ల కళ్ల ముందు పెట్టు. అమృత్‌సర్‌కీ ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ల నుంచి అలాగే వచ్చారు. అరెస్టులకి నిరసనగా సభ ఉందని కొందరు తోటలోకి వెళ్లారు, స్వర్ణదేవాలయంలో దర్శనం చేసుకుని కాసేపు కూర్చుందామని కొందరు వెళ్లారు. సభలు నిషేధించారన్న సంగతే చాలామందికి తెలియదు.

ఇంకో కథ మాత్రం రైల్లో వద్దు, బాగ్‌కి వెళ్లే ముందు రాత్రి బసలో చెప్పు. రతన్ దేవి అనే ఆవిడ తర్వాత కాంగ్రెస్ విచారణ సంఘానికి ఇచ్చిన సాక్ష్యం అది. కాల్పులు విని పరుగెత్తుకుంటూ వచ్చి శవాల మధ్య భర్తని వెతుక్కుంది. ఇంటికి చేర్చడానికి ఒక మంచం కావాలి, మొయ్యడానికి మనుషులు కావాలి. ఎనిమిదింటికి కర్ఫ్యూ, ఎవరూ రాలేకపోయారు. తెల్లవార్లూ భర్త పక్కనే కూర్చుంది. కుక్కలు దగ్గరికి రాకుండా చేతిలో వెదురు కర్ర పట్టుకుంది. పక్కన పన్నెండేళ్ల కుర్రాడు గాయంతో పడి ఉన్నాడు, నన్ను వదిలి వెళ్లొద్దన్నాడు, నీళ్లడిగాడు. అక్కడ నీళ్లు లేవు. ఇంతే చెప్పు. దీనిమీద ప్రశ్నలడగకు, లైటు ఆపేసి పడుకోమను.

పొద్దున్నే, రద్దీ లేనప్పుడే వెళ్లండి. తోటలోకి దారి ఒక ఇరుకు సందు, అందులోకి వెళ్లే ముందే ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించు. 2021లో అక్కడ చాలా మార్చారు. ఆ సందు గోడలకి ఇప్పుడు మనుషుల శిల్పాలున్నాయి, పిల్లలు చూడగానే ఫోటోలకి నిలబడతారు. నేను మూడోసారి, రిటైరయ్యే ఏడాది వెళ్లేసరికి ఈ మార్పులు అయిపోయాయి. నాకు మాత్రం ఆ పాత ఇటుక గోడలే కావాలనిపించింది. అయినా సందు వెడల్పు తెలియాలి కదా, చేతులు చాచి కొలవమను. కాల్పులు జరిపించిన సైనికాధికారి డయ్యర్ మెషిన్‌గన్లు బిగించిన రెండు బళ్లని వెంట తెచ్చాడు, ఈ సందులో పట్టక బయటే వదిలేశాడు. పట్టి ఉంటే బహుశా వాటినీ వాడేవాణ్ణని విచారణలో తనే ఒప్పుకున్నాడు. ఇది ముందే చెప్పి ఉంచితే అక్కడ నువ్వు నోరు విప్పక్కర్లేదు, వాళ్ల చేతులకే తెలుస్తుంది.

తూటా గుర్తులున్న గోడ దగ్గర గుంపుగా నిలబెట్టొద్దు. ఒక్కొక్కరినీ ఒక్కో గుర్తు ఎంచుకోమను. అది తన తల కన్నా పైనుందా, భుజం దగ్గరుందా చూసుకోమను. ముట్టుకోనివ్వకు. తర్వాత బావి. ప్రాణభయంతో అందులో దూకేశారు, 120 శవాలు తీశారని అక్కడి ఫలకం మీద ఉంది. ఇప్పుడు దాని చుట్టూ అద్దాలు పెట్టారు. అక్కడ ఎక్కువసేపు ఉండనివ్వకు, అద్దంలో ఎవరి మొహం వాళ్లు చూసుకోవడం మొదలుపెడతారు.

ఆ తర్వాత పచ్చిక మీద కూర్చోబెట్టి, గడియారం చూసుకుని పది నిమిషాలు మౌనంగా ఉండమను. రెండోసారి వెళ్లినప్పుడు ఇది చేశాను. మూడు నిమిషాలకే కదలడం మొదలుపెట్టారు. ఒకడు బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఐదో నిమిషంలో ఒక పిల్ల గడ్డిపరకలు ఒక్కొక్కటే పీకి ఒళ్లో పేర్చుకుంది. "ఇంకా అవలేదా" అని ఎవరో గొణిగారు. ఆ మాట వాళ్లకే వినబడింది, అంతే, అందరూ తలలు దించుకున్నారు. పది అయ్యాక కూడా ఎవరూ లేవలేదు. ఏడ్చిన పిల్లల్ని ఊరడించు, ఏడవని వాళ్లని ఏమీ అనకు. ఏం అనిపించిందని ఆ రోజు ఎవరినీ అడగొద్దు.

ఎంతమంది చనిపోయారని తప్పకుండా అడుగుతారు. సర్కారు లెక్క 379, కాంగ్రెస్ సంఘం అంచనా సుమారు 1000. రెండూ చెప్పు. లెక్క ఎందుకు తేలలేదో కూడా చెప్పు. ఆ రాత్రి శవాల దగ్గరికి వెళ్లడానికే వీల్లేదు, తర్వాత మా వాళ్లూ అక్కడున్నారని సర్కారుకి పేర్లివ్వడానికి చాలామంది భయపడ్డారు.

ఉద్ధమ్ సింగ్ దగ్గర కొంచెం జాగ్రత్త. 1940 మార్చి 13న లండన్‌లో ఆయన కాల్చింది పంజాబ్ గవర్నరుగా చేసిన ఓడ్వయర్‌ని. తోటలో కాల్పులు జరిపించిన డయ్యర్ 1927లోనే జబ్బు చేసి పోయాడు. పేర్లు దగ్గరగా ఉండి పిల్లలు కలిపేస్తారు. ఆ కథ వాళ్లకి ఎంతో నచ్చుతుంది, నచ్చనీ. కానీ కథ అక్కడ ఆపకు, లెక్క సరిపోయిందని లేచి వెళ్లిపోతారు. వెదురు కర్ర పట్టుకుని కూర్చున్న ఆవిడకి ఏ లెక్కా సరిపోలేదు.

ఇంటికొచ్చాక ఒక పని చెయ్యి. మన ఒడిశా గిరిజన స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్‌ని 1943 మార్చి 29న ఉరితీసింది ఈ బరంపురం జైల్లోనే. నేను ఏళ్ల తరబడి ఆ దారినే బడికి నడిచాను, పిల్లలకి ఒక్కసారీ చెప్పలేదు. అమృత్‌సర్ నుంచి వచ్చిన వారంలో చెబితే వాళ్లు నిలబడి విన్న తీరే వేరు. మీకు నవరంగపూర్ జిల్లా పాపడాహండి వెళ్లడం వీలవుతుందేమో చూడు. 1942 ఆగస్టు 24న తూరి నది దగ్గర ఊరేగింపు మీద పోలీసులు కాల్చారు, 19 మంది పోయారు. అక్కడ స్థూపం ఉంది.

బాగ్ నుంచి నేరుగా స్వర్ణదేవాలయంలో అందరికీ ఉచితంగా అన్నం పెట్టే లంగర్‌కి నడిపించుకెళ్లు, దగ్గరే. పిల్లలకి ఆకలేస్తుంది. ఇలాంటి చోటు చూసొచ్చి ఆకలేంటని ఒకడు నా దగ్గర తల వంచుకున్నాడు. వాడి పళ్లెంలో నేనే ఇంకో రొట్టె వేయించాను. తల మీద గుడ్డ ఉండాలి, అందరికీ చేతిరుమాళ్లు సర్దించడం మర్చిపోకు.

మీ పెద్దమ్మ