పెండ్లి పత్రికలో చేతిరాత ఫాంట్ ఎంతవరకు వాడొచ్చు?

"అక్క పెండ్లి పత్రిక మొత్తం చేత్తో రాసినట్టుండే ఫాంట్‌లో చేయిద్దామనుకుంటున్నా, బాగుంటుందా?" అని అడిగారు కదా. నేను హనుమకొండలో పద్నాలుగేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. మొత్తం వద్దండి. వధూవరుల పేర్లకు, పైన పిలుపు వాక్యానికి పెట్టించండి, చాలు. ముహూర్తం, ఫంక్షన్ హాలు అడ్రస్, ఫోన్ నంబర్లు మామూలు అచ్చు అక్షరాల్లోనే ఉండనివ్వండి.

దెబ్బ తిన్నాక తెలిసిన సంగతి ఇది. ఒకసారి పెండ్లివాళ్లు ముచ్చటపడ్డారని కార్డంతా అదే ఫాంట్‌లో కొట్టిచ్చాను. అందులో 1, 7 అంకెలు దాదాపు ఒకేలా ఉన్నాయి. స్క్రీన్ మీద పెద్దగా చూసినప్పుడు తేడా కనిపించింది, కార్డు మీదికి వచ్చేసరికి కనిపించలేదు. ముహూర్తం 11-17 అయితే చుట్టాలు 11-11 అని చదివారు. 300 కార్డులు మళ్లీ వేశాం. ఆ వారం రోజులు ఆ ఇంటివాళ్లు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఇంగ్లిష్ చేతిరాత ఫాంట్లలో చాలావాటికి అక్షరాలు ఒకదానికొకటి కలిసిపోతాయి, అందం అక్కడే ఉంటుంది. మన అక్షరాలు విడివిడిగా నిలబడతాయి. అందుకే తెలుగులో చేతిరాత అందమంతా తలకట్టులో, కొమ్ముల్లో, దీర్ఘాల్లో కనపడాలి. తలకట్టు కాస్త విసురుగా పడాలి, కొమ్ము తోక లాగి వదిలినట్టుండాలి. బాపుగారి అక్షరాలు చూడండి, ఆ విసురు తెలుస్తుంది. ఆయన చేతిరాత పోలికతో చేసిన ఫాంట్లు డీటీపీ షాపుల్లో ఎప్పటినుంచో ఉన్నాయి, అడగండి. కార్డు మీరే సొంతంగా చేసుకుంటానంటే గూగుల్ ఫాంట్స్‌లో 'లక్కిరెడ్డి' ఉచితంగా దొరుకుతుంది, ప్రింటింగ్‌కూ వాడుకోవచ్చు.

అసలు పరీక్ష ఒత్తుల దగ్గర. ఫాంట్ ఎంచుకునే ముందే మీ ఇంటి పేర్లు టైపు చేయించి చూడండి. 'రమ' ఏ ఫాంట్‌లోనైనా బాగుంటుంది. 'జ్యోత్స్న', 'లక్ష్మి', 'కృష్ణ' రాయించండి, లోపాలు అక్కడ బయటపడతాయి. ఒత్తులు కింది వరసలోని గుడులకు తగిలితే వరసల మధ్య జాగా పెంచమనండి, అక్షరం సైజు తగ్గించడం కంటే అదే మంచిది. 'ప్రార్థన'లో థ చూడండి. ధకూ దానికీ మధ్య ఉన్నది లోపలి చుక్కే. గీత లావుగా ఉన్న ఫాంట్‌లో ఆ చుక్క పూడిపోతుంది.

బతుకమ్మ శుభాకాంక్షల ఫ్లెక్సీకైతే ఇంత జాగ్రత్త అక్కర్లేదు, నాలుగు మాటలే కాబట్టి, పెద్దగా కాబట్టి నిండుగా కనిపిస్తాయి.

ఇంకో మాట. షాపులో 'అను' ఫాంట్లతో (డీటీపీ వాళ్లు వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) చేస్తే ఆ మ్యాటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టలేరు, పిచ్చి గుర్తులు వస్తాయి. పీడీఎఫ్ గానీ ఫొటో గానీ అడిగి తీసుకోండి. ప్రూఫ్ (అచ్చుకు ముందు చూపించే నమూనా) మాత్రం ఫోన్లో చూసి ఓకే అనకండి. అసలు సైజులో కాగితం మీద తీయించి, ఇంట్లో పెద్దవాళ్ల చేత ముహూర్తం, పేర్లు పైకి చదివించండి.