గడువు లెక్క ముందు నువ్వే వేసుకో

చిరంజీవి సౌమ్యకి,

ఆశీస్సులు. ఇన్సూరెన్స్ కంపెనీలో, చట్టాలూ నిబంధనలూ పాటిస్తున్నారో లేదో చూసే కంప్లయన్స్ విభాగంలో చేరగానే డైరెక్టర్ల పత్రాలు, గడువుల పట్టిక నీ నెత్తిన పడ్డాయని రాశావు. రిటైరయ్యేదాకా నేనూ అమెరికాలో అదే పని చేశాను కదా, తోచింది చెప్తాను.

అక్కడ ఇన్సూరెన్స్ మీద పెత్తనం వాషింగ్టన్‌లోని ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వానిది కాదు. 1945 నాటి మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టం ఆ పెత్తనాన్ని రాష్ట్రాలకే వదిలేసింది. ఒక్కో రాష్ట్రంలో ఇన్సూరెన్స్‌ని అదుపు చేసే అధికారి కమిషనర్. ఆ కమిషనర్ల సంఘం ఎన్‌ఏఐసీ నమూనా చట్టాలు రాస్తుంది గానీ, రాష్ట్ర శాసనసభ ఆమోదిస్తేనే అవి అమల్లోకి వస్తాయి. నేను కింద రాసే రోజుల లెక్కలు ఆ నమూనాలవే. మీ రాష్ట్రం చట్టం తెరిచి సరిచూసుకో.

కొత్త డైరెక్టరో, సీఈఓనో వస్తే బయోగ్రాఫికల్ అఫిడవిట్, అంటే తన వివరాలతో ప్రమాణపత్రం, పెట్టాలి. గత 20 ఏళ్ళ ఉద్యోగ చరిత్ర అంతా అందులో రాయాలి. మధ్యలో ఎనిమిది నెలలు ఖాళీ కనిపిస్తే, ఎంత పెద్దాయనైనా సరే, మొహమాటపడకుండా అడుగు. నువ్వు అడక్కపోతే నేపథ్యం విచారించే ఏజెన్సీ అడుగుతుంది, అప్పుడది దాచినట్టు కనిపిస్తుంది. నేరం దగ్గర మాత్రం ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది. 1994లో వచ్చిన నిబంధన ప్రకారం మోసం, నమ్మకద్రోహం లాంటి ఘోర నేరాల్లో శిక్షపడినవాళ్ళు కమిషనర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఈ వ్యాపారంలో ఉండకూడదు. తెలిసీ ఉండనిచ్చినవాళ్ళదీ నేరమే. ఫ్లోరిడాలోనైతే దివాలా తీసిన కంపెనీని అంతకుముందు నడిపినవాళ్ళు మరో కంపెనీలో కూర్చోవాలంటే, ఆ పతనానికి తాము ముఖ్య కారణం కాదని వాళ్ళే చూపించుకోవాలి.

ఇక గడువులు. వార్షిక నివేదికకి మార్చి 1, ఆడిట్ నివేదికకి జూన్ 1. ఇవి క్యాలెండర్‌లో ఉంటాయి, ఎవరూ మర్చిపోరు. టెన్షన్ పెట్టేవి, ఉత్తరం వచ్చిన రోజునుంచి మొదలయ్యేవి. కమిషనర్ ఆఫీసు మన కంపెనీని తనిఖీ చేసి ఇచ్చే నివేదిక మీద జవాబుకి 30 రోజులు. అది ఖరారయ్యాక మళ్ళీ 30 రోజుల్లో ప్రతి డైరెక్టరూ ‘నాకు కాపీ అందింది’ అని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ప్రతి డైరెక్టరూ! ఒకసారి మా డైరెక్టర్లలో ఒకాయన పడవ ప్రయాణంలో ఉన్నాడు. సిగ్నల్ లేదు, నోటరీ లేడు. చివరి రోజు మధ్యాహ్నం దాకా నాకు అన్నం సయించలేదు. ఆ తర్వాత తనిఖీ మొదలైన రోజే డైరెక్టర్ల ప్రయాణాల వివరాలు అడగడం అలవాటు చేసుకున్నాను. వాళ్ళ సెక్రటరీలతో స్నేహంగా ఉండు, పనికొస్తుంది.

మూలధనం నిర్ణీత స్థాయి కంటే పడిపోతే సరిదిద్దే ప్లాన్ ఇవ్వడానికి 45 రోజులు. వినడానికి చాలా ఎక్కువే అనిపిస్తుంది. బోర్డు చూడాలి, యాక్చువరీ (ఇన్సూరెన్స్ రిస్కుల లెక్కల నిపుణుడు) లెక్కకట్టాలి, లాయర్ దిద్దాలి. వెనకనుంచి లెక్కేస్తే రాయడానికి నీకు మిగిలేది రెండు వారాలే.

గడువు పెంచమని అడగాలంటే అది దాటకముందే, కారణం చూపించి ఉత్తరం రాయి. తనిఖీ అధికారి ఫోన్‌లో ‘ఫర్వాలేదు’ అంటే సంతోషించు, కానీ వెంటనే ‘మీరు ఇలా అన్నారు’ అని మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకో. ఆయన బదిలీ అయిపోతే ఆ ఫర్వాలేదు కూడా ఆయనతోనే పోతుంది.

ఇంతకీ మీ కంపెనీ ఏ రాష్ట్రంలో రిజిస్టరయిందో రాయలేదు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు అది చెప్పు.

మీ పెదనాన్న